భుజం లేని తుపాకి

సోమవారం పొద్దున ఆర్విడ్ లోకెన్ తుపాకుల కొట్లోకి వచ్చిన మనిషి కాళ్ళకి కొత్త బూట్లున్నాయి. మా డ్రై ఫోర్క్ ఊళ్ళో ఏప్రిల్ బురదలో కొత్త బూట్లు వేసుకునేవాడు పెళ్ళికొడుకైనా అయ్యుండాలి, ప్రభుత్వం మనిషైనా అయ్యుండాలి. వచ్చినవాడికి నలభై దాటాయి, పక్కన ఎవరూ లేరు. పెళ్ళికొడుకు కాదని ఆర్విడ్ తేల్చుకున్నాడు. కిటికీలోంచి చూస్తే పికప్‌కి వేరే రాష్ట్రం నంబరు ప్లేటు.

ఆర్విడ్ తల ఎత్తలేదు. చేతిలో ఉన్న పాత రైఫిల్ లీవరుని నూనె రాయి మీద రుద్దుతున్నాడు. నాలుగు రుద్దులు, గుడ్డతో తుడవడం, వెలుతురుకి పట్టి చూడటం, మళ్ళీ నాలుగు రుద్దులు. ఆ పని చేసేటప్పుడు మాట్లాడకపోయినా ఎవరూ తప్పు పట్టరు.

"అలాంటిది కావాలండి," అన్నాడు వచ్చినవాడు గోడ వైపు చూపిస్తూ.

గోడమీద మూడు పొట్టి లీవర్ పిస్తోళ్ళు వేలాడుతున్నాయి. రైఫిల్‌కి ఉన్నట్టే కింద లీవరు ఉంటుంది, ఒక్కసారి కిందికి పైకి ఆడిస్తే తూటా ఎక్కుతుంది. కాకపోతే ముందు గొట్టం పొట్టి. వెనక భుజానికి ఆనించే కర్ర ఉండదు, చేత్తో పట్టుకునే పిడి మాత్రమే ఉంటుంది. చూసిన ప్రతి మగాడూ దాన్ని ఒకసారి పట్టుకోవాలనుకుంటాడు.

"దించమంటారా?" అన్నాడు ఆర్విడ్.

"కొనడానికి కాదండి. నా దగ్గర రైఫిల్ ఉంది. దాన్ని అంత పొట్టిగా కోసిపెడతారా? ముందు కొంచెం, వెనక కొంచెం. మా ఓనరమ్మకి..."

అతను భుజానికున్న గుడ్డ కవరు దించి జిప్ మీద చెయ్యి వేశాడు.

"ఆ జిప్ తియ్యకు," అన్నాడు ఆర్విడ్.

"ఎందుకండీ?"

"ఎందుకో నాకంటే నీకే బాగా తెలుసు. ఎవరు పంపారు నిన్ను?"

"పంపడమేంటి? నా పేరు టోబిన్. నేను..."

"నీ పేరు నేనడిగానా? నా కొట్లో కోతలూ ఉండవు, కుట్లూ ఉండవు. తలుపు అదిగో. వచ్చిన దారినే ఉంది."

మా చట్టానికి ఈ ఒక్క విషయంలో మహా పట్టుదల. ఫ్యాక్టరీలోంచి పిస్తోలుగా వచ్చింది పిస్తోలుగానే బతకాలి. రైఫిల్‌గా పుట్టినదాన్ని కోసి పిస్తోలు చేస్తే నేరం. పిస్తోలుగా పుట్టినదానికి భుజం కర్ర తగిలిస్తే అదీ నేరమే. కావాలంటే ముందు అర్జీ పెట్టి అనుమతి తెచ్చుకోవచ్చు. ఈ ముక్క చెప్పడానికి అర నిమిషం పడుతుంది. వచ్చిన ప్రతి అమాయకుడికీ ఆర్విడ్ చెబుతూనే ఉంటాడు కూడా. ఈ మనిషికి మాత్రం చెప్పలేదు. తెలిసినవాడికి చెప్పేదేముంది అనుకున్నాడు. తనని వలలో వెయ్యడానికే వచ్చాడని అతని లెక్క.

టోబిన్ కవరు మళ్ళీ భుజానికి వేసుకుని, ఏం తప్పు చేశానో తెలియని మొహం పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మొహం చూసి ఆర్విడ్ లోపల మెచ్చుకున్నాడు. బాగా నేర్పి పంపారు అనుకున్నాడు.

*

మంగళవారం తొమ్మిదింటికల్లా ఫెడరల్ తనిఖీ అధికారిణి వచ్చి నిలబడేసరికి అతని అనుమానానికి ముద్ర పడినట్టయింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. పేరు లుసెరో. ల్యాప్‌టాప్, ఒక పసుపు రంగు నోటు పుస్తకం, డబ్బాలో మధ్యాహ్నం భోజనం.

"ముందు ఫోన్ చెయ్యలేదే మీరు," అన్నాడు ఆర్విడ్.

"చెయ్యమండీ. మూడు నాలుగు రోజులు పడుతుంది. నాకో బల్ల ఇస్తే చాలు, మీ పని మీరు చేసుకోండి."

కొట్లోకి వచ్చిన ప్రతి తుపాకీ, పోయిన ప్రతి తుపాకీ పుస్తకంలో ఉండాలి. ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఏ తేదీ, నంబరెంత. బాగు చెయ్యడానికి ఒక రాత్రి ఉంచుకున్నా రాయాల్సిందే. ఆమె అరలో ఉన్న ఒక్కో తుపాకీ దించి, నంబరు చదివి, పుస్తకంలో వేలు పెట్టి చూసి, తిరిగి అదే మేకుకి తగిలించేది. తగిలించేటప్పుడు గొట్టం ఎటు ఉండేదో అటే పెట్టేది. అంత జాగ్రత్త చూసి ఆర్విడ్‌కి ఒళ్ళు మండింది.

ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇవ్వబోతే వద్దంది. తీసుకునుంటే తన నోరు విప్పించడానికి తీసుకుందనుకునేవాడు. వద్దంది కాబట్టి రేపు తన మీద రాయబోయేదానికి ఇప్పట్నుంచే చేతులు శుభ్రంగా ఉంచుకుంటోందనుకున్నాడు. ఇలాంటి మనిషిని సంతోషపెట్టడం ఎవరి వల్లా కాదు.

"మేడమ్, మీరు ఒక్కరే వచ్చారా?" అని అడిగాడు మధ్యాహ్నం.

"ఒక్కదాన్నే. ఏం?"

"ఏం లేదు. కొత్త బూట్ల మనిషి ఒకడు ఊళ్ళో తిరుగుతున్నాడు. మీవాడేమోనని."

ఆమె ఉడికించిన గుడ్డు వలుచుకుంటూ అతని వంక చూసింది. "నా బూట్లు ఆరేళ్ళవి," అంది. పసుపు పుస్తకంలో ఏదో ఒక ముక్క రాసి కింద గీత గీసింది. ఆ గీత ఆర్విడ్ సాయంత్రం దాకా మర్చిపోలేదు.

లైసెన్సు పోతే కొట్టు ఉండదు. కొట్టు లేకపోతే, భార్య మార్గిట్ పోయిన తరవాత, పొద్దున లేచి వెళ్ళడానికి ఆర్విడ్‌కి ఇంకో చోటు లేదు. అతని భయమంతా అదే. అది మాకందరికీ తెలుసు. అందుకే అతని చిరాకుని ఊళ్ళో ఎవరం పట్టించుకోం.

*

బుధవారం మా రాష్ట్రంలోనే అటు చివర నుంచి చేపల వేటకి వచ్చిన మొగుడూ పెళ్ళాలు కొట్లోకి వచ్చారు. ఆయన చూపు నేరుగా గోడమీదికే పోయింది. ఆర్విడ్ మధ్య పిస్తోలు దించి, ఖాళీగా ఉందని రెండుసార్లు చూపించి, ఆయన చేతిలో పెట్టాడు.

"మీరు గుర్రాల మీద కొండల్లోకి వెళ్తున్నారు కదా. రైఫిల్ ఎక్కడ పెడతారు? జీనుకి తగిలిస్తారు. ఎలుగుబంటి కనపడగానే గుర్రం ఏం చేస్తుంది? మిమ్మల్ని కింద పడేసి పోతుంది. రైఫిల్ గుర్రంతో పోతుంది. మీరు ఎలుగుతో మిగులుతారు."

ఆవిడ పకపకా నవ్వింది.

"ఇది అలా కాదు. తొడ పక్కన తోలు ఒరలో ఉంటుంది. మీరెక్కడ పడితే ఇదీ అక్కడే పడుతుంది. మామూలు రివాల్వర్ తూటాలే సరిపోతాయి. పికప్ సీటు పక్కన పడుంటుంది, ట్రాక్టరెక్కితే అడ్డం రాదు. ఇహ ఈ చప్పుడు చూడండి."

లీవరు కిందికీ పైకీ ఆడించాడు. కటక్ మంది. ఆయన కళ్ళు మెరిశాయి. ఈ మాటలన్నీ ఆర్విడ్ వందసార్లు అన్నవే, ప్రతిసారీ పని చేస్తాయి. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

వాళ్ళు రేపు వస్తామని వెళ్ళాక లుసెరో అరల వెనక నుంచి అడిగింది.

"భుజానికి ఆనించేది లేకుండా దీంతో గురి ఎలా చూస్తారండీ?"

ఆర్విడ్ చెయ్యి ఆగిపోయింది. గాలం వేసింది అనుకున్నాడు. ఇప్పుడు భుజం అన్న మాట తన నోట్లోంచి వస్తే ఆ పసుపు పుస్తకంలోకి ఎక్కుతుంది.

"అలవాటైతే అదే వస్తుంది," అన్నాడు.

"నేనొకసారి కాల్చాను. పది గజాల్లో పీపా కూడా తగల్లేదు."

"మీరు ప్రభుత్వం వాళ్ళు. మీకు తగలకపోవడమే మాకు మంచిది."

ఆమె నవ్వింది. నిజంగానే నవ్వింది. ఆర్విడ్ ఆ నవ్వుని కూడా నమ్మలేదు.

*

గురువారం పదకొండింటికి బెర్నిస్ టోల్ వచ్చింది. డెబ్బై ఒకటేళ్ళ మనిషి, ఊరికి పంతొమ్మిది మైళ్ళ అవతల పశువుల పెంపకం, పెద్ద రాంచ్. ఆవులు ఈనే కాలం కాబట్టి నాలుగు రోజులుగా నిద్ర లేని కళ్ళు, జుట్టులో గడ్డి. దాణా సంచిలో చుట్టిన దాన్ని గల్లా బల్ల మీద పెట్టింది. ఎడం చేత్తోనే పెట్టింది. కుడి భుజానికి ఆపరేషన్ అయ్యి రెండేళ్ళయినా ఆ చెయ్యి ఇంకా పైకి లేవదు.

"ఒక చిన్న పనుందయ్యా ఆర్విడ్. స్క్రూ ఒకటి వదులుగా ఉంది, బిగించిపెట్టు. కానీ ముందు చూడు. చూసి నన్ను మెచ్చుకో."

సంచి విప్పింది.

కిందటేడు ఆర్విడ్ అమ్మిన పొట్టి లీవర్ పిస్తోలే. కానీ పిడి ఉండాల్సిన చోట ఒక భుజం కర్ర ఉంది. వాల్‌నట్ కర్ర, బాగా పాతది, చెంప ఆనే చోట అరిగి నున్నబడింది. దాన్ని రెండు అంగుళాలు రంపంతో కోసి, చివర తోలు ముక్క కొట్టి, పొట్టిగా అమర్చారు.

"వాల్ట్ రైఫిల్‌ది," అంది బెర్నిస్. వాల్ట్ ఆమె మొగుడు, పోయి ఆరేళ్ళయింది. "కోస్తుంటే ఏడుపొచ్చింది, అయినా కోశాను. నీ తుపాకితో ఏడాదిగా ఒక్కటంటే ఒక్కటి తగిలి చావలేదు. దీంతో ఆదివారం దాకా ఆకాశాన్నే కాల్చాననుకో. నిన్న ఈ కర్ర పెట్టాక బకెట్‌కి మూడుకి మూడు! ఎలుగు రోజూ కంచె దాకా వస్తోంది. ఈనే ఆవు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దూడ కాళ్ళు పట్టుకుని లాగేటప్పుడు ఆ పొడుగు రైఫిల్ నాకెలా కుదురుతుంది? ఇదైతే పక్కనే..."

"బెర్నిస్, దాన్ని మూసెయ్యి," అన్నాడు ఆర్విడ్.

"ఏం?"

వెనక అరల దగ్గర లుసెరో కుర్చీ కదిలిన చప్పుడైంది. ఆర్విడ్‌కి అంతా ఒక్కసారిగా అతికినట్టు అనిపించింది. సోమవారం ఆ టోబిన్ పాచిక పారలేదు. అందుకని ఇప్పుడు బెర్నిస్‌ని పంపారు. ఆమె ఆవులు మేసేది ప్రభుత్వం కౌలుకిచ్చిన భూమిలో. కౌలు రద్దు చేస్తామని బెదిరిస్తే ఎవరైనా లొంగరా? లేకపోతే, తనిఖీ జరుగుతున్న రోజునే, ఈ అధికారిణి కూర్చుని ఉన్న గంటలోనే, ఇది ఇక్కడికి ఎలా వస్తుంది?

రెండు చేతులూ గల్లా మీంచి పైకి తీసేశాడు.

"నేను దీన్ని ముట్టుకోను. నేను చెయ్యలేదు, చెయ్యమని చెప్పలేదు. ఎవరు పంపారో చెప్పు."

"ఎవరు పంపేదేంటి? ఎలుగు పంపింది!" బెర్నిస్ నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది. "ఏమైందయ్యా నీకు? జ్వరమా?"

"మేడమ్!" అని కేకేశాడు ఆర్విడ్. "ఇలా రండి. మీరే సాక్షి. ఈవిడ ఈ వస్తువు తెచ్చింది. నా చెయ్యి దీనికి తగల్లేదు. రాసుకోండి."

లుసెరో వచ్చి నిలబడింది. బెర్నిస్ ఆమె వంక చూడలేదు. ఆర్విడ్ వంకే చూస్తోంది.

"ఈవిడా?" అంది. "మార్గిట్ పోయినప్పుడు నీ వంటింట్లో పదకొండు రోజులు నిలబడి నీకు తిండి వండిపెట్టాను. ఇప్పుడు నేను ఈవిడనయ్యానా?"

ఆర్విడ్ రెండు చేతులూ ఇంకా పైకే ఉన్నాయి. చెప్పేదేదో ఉంటే ఆ క్షణంలోనే చెప్పాల్సింది.

"అమ్మా," అంది లుసెరో నెమ్మదిగా, "పిస్తోలుకి భుజం కర్ర పెడితే చట్టం దాన్ని వేరే రకం తుపాకీ కింద లెక్కేస్తుంది. ముందు అర్జీ పెట్టి, అనుమతి వచ్చాకే పెట్టుకోవాలి. మీకు తెలియదా?"

"నాకెలా తెలుస్తుందమ్మా? తెలుసుకుందామనే మావాణ్ణి సోమవారం ఇక్కడికి పంపాను. టోబిన్ అని, నెబ్రాస్కా నుంచి కొత్తగా పనిలోకి వచ్చాడు. రైఫిల్ పొట్టిగా కోస్తారేమో అడిగి రమ్మన్నాను. నోరు తెరవనివ్వకుండా ఈయన తరిమేశాడట. పాపం, ఊరికి వెళ్ళడానికని కొత్త బూట్లు కొనుక్కున్నాడు కూడా. వీళ్ళు చెయ్యరని, ఇంట్లో రంపం ఉంది కదా అని నేనే చేసుకున్నాను."

ఆ రోజు జిప్ తియ్యనిచ్చి ఉంటే వాల్ట్ రైఫిల్‌ని తను చూసీ చూడగానే గుర్తు పట్టేవాడినని ఆర్విడ్‌కి తట్టింది. అర నిమిషం చెప్పుంటే ఆ కర్ర ఇంకా ఆ రైఫిల్‌కే ఉండేది.

"నేను వచ్చింది ఈ కొట్టు పుస్తకాలు చూడటానికి," అంది లుసెరో. "కానీ ఇది నా కళ్ళబడింది, కాబట్టి ఇలా బయటికి వెళ్ళనివ్వలేను. ఇప్పుడే ఆ కర్ర ఊడదీసి, పాత పిడి పెట్టెయ్యండి. పిడి ఉందా?"

"జేబులో ఉంది."

"నేను తీస్తాను," అన్నాడు ఆర్విడ్. స్క్రూడ్రైవర్ అందుకోబోయాడు.

"నువ్వు ముట్టుకోనన్నావుగా," అంది బెర్నిస్. "అమ్మాయ్, ఆ స్క్రూడ్రైవర్ అందుకో."

తుపాకీని దాణా సంచి మీద పక్కకి పడుకోబెట్టి, మోచేత్తో అదిమి పట్టి, ఎడం చేత్తో తిప్పడం మొదలుపెట్టింది. స్క్రూ సగం దాకా వచ్చి బిగుసుకుంది. కుడి చెయ్యి సాయం తెచ్చుకుంది. ఆ చెయ్యి కదిలినప్పుడల్లా పెదవి కొరుక్కుంది. లుసెరో పట్టుకోబోతే తల అడ్డంగా ఊపింది. ఆర్విడ్ అయితే అర నిమిషంలో తీసేవాడు. ఆమెకి పావుగంట పట్టింది. ఆ పావుగంటా అతను గల్లా వెనక చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు, అయినా ఎటూ కదల్లేకపోయాడు.

పిడి బిగించాక కర్రని కోటు లోపల పెట్టుకుంది. పిస్తోలుని గల్లా మీదే వదిలేసింది.

"ఇది నువ్వే ఉంచుకో. కొనేవాళ్ళకి దీని గురించి బాగా చెబుతావు కదా, నీ కొట్లోనే ఉండనీ."

*

ఆ సాయంత్రం ఆ పిస్తోలుని పుస్తకంలో రాసుకోక తప్పలేదు. ఎవరి దగ్గర్నుంచి వచ్చింది అన్న గడిలో బెర్నిస్ టోల్ అని రాయడానికి ఆర్విడ్ చాలాసేపు కూర్చున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి లుసెరో ల్యాప్‌టాప్ మూసింది.

"అయిపోయిందండీ. రెండు చోట్ల పిన్ కోడ్ రాయలేదు, అంతే. ఇన్ని కొట్లు చూశాను, ఇంత శుభ్రమైన పుస్తకాలు నేనెక్కడా చూడలేదు."

"ఆ మంగళవారం ఏదో రాసి గీత గీశారు?"

ఆమె పసుపు పుస్తకం తిప్పి చూసింది. "మా అమ్మకి మాత్రలు కొనాలి, మర్చిపోకుండా గీశాను."

"బెర్నిస్ సంగతి?"

"అది ఇప్పుడు మామూలు పిస్తోలే. నేను చూసింది ఒక పెద్దావిడ స్క్రూ విప్పడం. అంతకంటే రాసేదేముంది?" తలుపు దగ్గర ఆగింది. "మీరు నన్ను కేకెయ్యకపోయుంటే నేను అసలు లేచేదాన్ని కాదు లోకెన్ గారూ. కాలు తిమ్మిరెక్కి కుర్చీ జరుపుకున్నాను."

లైసెన్సు గోడమీద చట్రంలో క్షేమంగా ఉంది. ఆర్విడ్ దాని వంక చూడలేకపోయాడు.

లోపలికి వెళ్ళి గుర్రపు కళ్ళాలకి వాడే తోలు దించాడు. అంగుళమున్నర వెడల్పు పట్టీ కోశాడు. అంచులు మైనం రుద్ది నున్న చేశాడు. మెడ మీదుగా వేసుకుని ఎడం చంక కింద నుంచి రావడానికి బెర్నిస్ ఒంటికి ఎంత కావాలో టేపు లేకుండానే అతనికి తెలుసు. కొక్కెం కుట్టాడు. మైనపు దారంతో అంగుళానికి ఆరు కుట్లు, ఒక్కటి వంకర పోయినా విప్పి మళ్ళీ కుట్టాడు.

*

శనివారం పొద్దున బెర్నిస్ రాంచ్‌కి వెళ్ళాడు. కంచె పక్కన దూడ తోలు ఒకటి ఈడ్చుకుపోయినట్టు పడుంది, మంచు మీద పెద్ద పాదాల గుర్తులున్నాయి. టోబిన్ పార పట్టుకుని గొయ్యి తవ్వుతున్నాడు. ఆర్విడ్‌ని చూసి పార ఆపాడు, పలకరించలేదు.

"నీతో తప్పుగా మాట్లాడాను," అన్నాడు ఆర్విడ్.

"అవునండి, మాట్లాడారు," అన్నాడు టోబిన్. మళ్ళీ తవ్వుకోసాగాడు.

బెర్నిస్ కొట్టం తలుపులోంచి వచ్చింది. చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి.

"గురువారం రాత్రి వచ్చింది ఎలుగు," అంది దూడ తోలు వైపు చూసి. "టోబినూ నేనూ గిన్నెలు వాయించాం. నచ్చినట్టుంది దానికి, తాపీగా తిని పోయింది."

ఆర్విడ్ ఆమె వదిలేసిన పిస్తోలు తీసి మూడు తూటాలు ఎక్కించాడు. తోలు పట్టీ ఆమె మెడ మీదుగా వేసి, చంక కింద నుంచి తెచ్చి, పిస్తోలు వెనకున్న రింగుకి కొక్కెం తగిలించాడు.

"భుజంతో పనిలేదు. రెండు చేతుల్తో ముందుకి తొయ్యి. పట్టీ బిగిసేదాకా తొయ్యి. ఇంకా. ఇప్పుడది ఊగదు. చట్టానికి కూడా అభ్యంతరం లేదు."

ఆమె కుడి చెయ్యి ఎత్తాల్సిన పని లేకుండానే తుపాకి ఛాతీ ముందు నిలబడింది. ఊగలేదు. కంచె అవతల బోర్లించిన బకెట్ వైపు చూసి కాల్చింది. బకెట్ ఎగిరి పడింది. లీవరు ఆడించి మళ్ళీ కాల్చింది, మళ్ళీ ఎగిరింది. మూడోది కూడా.

టోబిన్ ఈల వేశాడు. బెర్నిస్ మొహంలోకి సంతోషం వచ్చింది. చూసి ఆర్విడ్‌కి ప్రాణం లేచొచ్చింది. అప్పుడామె ఆ పట్టీని వేలితో తడిమి చూసింది.

"ఈ కిటుకు ఎప్పుడు కనిపెట్టావు?"

అబద్ధం చెప్పడానికి ఇంతకంటే సులువైన ప్రశ్న ఉండదు. నిన్న అంటే సరిపోతుంది.

"నేను కనిపెట్టిందేం కాదు. ఇరవై ఏళ్ళుగా తెలుసు. నేను కూడా అలాగే వాడతాను."

"మరి కిందటేడు నాకు చెప్పలేదేం?"

ఆర్విడ్ తన బూట్ల వంక చూసుకున్నాడు. "అమ్మేటప్పుడు అది చెబితే, ఉత్త చేతుల్తో దీంతో గురి కుదరదని ఒప్పుకున్నట్టే కదా. నువ్వు కొనవేమోననుకున్నాను. కొన్నాక మళ్ళీ వచ్చి అడుగుతావులే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, బెర్నిస్. నీకొక్కదానికే కాదు."

ఆమె అతని కళ్ళల్లోకి చూసింది. తిడుతుందేమోనని అతను ఎదురు చూశాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఊళ్ళోకి వచ్చిన ప్రతి మనిషినీ ఇన్నేళ్ళుగా అనుమానంతో తేరిపార చూస్తున్నాడు తను. అలా చూడాల్సిన మనిషి తనేనని ఆమె కళ్ళల్లో ఇప్పుడు కనపడింది.

బెర్నిస్ జేబులోంచి తూటాలు తీసి ఒక్కొక్కటే ఎక్కించింది. పట్టీ సర్దుకుంది. తుపాకి ఒంటికి అతికినట్టు కూర్చుంది.

"పట్టీ బాగుంది," అంది. "టోబిన్, గేటు తీసిపెట్టు, ఈయన వెళ్తాడు."

ఈనడానికి సిద్ధంగా ఉన్న ఆవుల వైపు నడిచి వెళ్ళిపోయింది. వంటింటి పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. పొద్దుటి కాఫీ వాసన ముంగిట్లోకి తెలుస్తోంది. ముప్పై ఏళ్ళలో ఆ వంటింట్లో కూర్చోకుండా ఆర్విడ్ ఆ ముంగిలి దాటి వెళ్ళడం అదే మొదటిసారి.